పెద్ద డీజిల్ ఇంజన్‌కు ఆయిల్ ఎంచుకోవడం: డబ్బా వెనక్కి తిప్పి చదవండి

షెడ్డుకు వచ్చే ఓనర్లు నన్ను ఎక్కువగా అడిగేది "ఏ కంపెనీ ఆయిల్ మంచిది?" అని. "మాన్యువల్‌లో ఏం రాసుంది?" అని నేను ఎదురు అడుగుతాను. చాలామంది ఆ పేజీ తెరిచి ఉండరు. పేరున్న కంపెనీల ఆయిళ్లు ఏవీ చెడ్డవి కావు. కానీ ఒకే కంపెనీ దాదాపు ఒకేలా కనిపించే డబ్బాల్లో నాలుగైదు రకాలు అమ్ముతుంది, వాటిలో మీ ఇంజన్‌కు పనికొచ్చేవి ఒకటో రెండో. ఆ సంగతి వెనక లేబుల్ మీద చిన్న అక్షరాల్లో ఉంటుంది.

ముందు మాన్యువల్‌లోంచి రెండు విషయాలు కాగితం మీద రాసుకోండి. ఒకటి నాణ్యత కేటగిరీ, రెండోది చిక్కదనం గ్రేడ్. ఇంజన్ తయారీదారు సొంత నంబర్ ఏదైనా ఇచ్చి ఉంటే అదీ రాసుకోండి. కమిన్స్‌కు సీఈఎస్ 20086, వోల్వోకు వీడీఎస్-4.5 లాంటివి. ఈ నంబర్ ఉంటే మిగతావన్నీ దాని తర్వాతే.

కేటగిరీ అంటే ఏపీఐ, అంటే అమెరికన్ పెట్రోలియం ఇన్‌స్టిట్యూట్ ఇచ్చే అక్షరాలు. 'ఎస్'తో మొదలైతే పెట్రోల్ ఇంజన్లకు, 'సీ'తో మొదలైతే డీజిల్‌కు. సీహెచ్-4 1998లో వచ్చింది, సీఐ-4 2002లో, సీజే-4 2006లో, సీకే-4 2016 చివర్లో. చివరి 4 నాలుగు స్ట్రోకుల ఇంజన్ అని చెబుతుంది. మామూలుగా కొత్తది పాతదాని స్థానంలో వాడొచ్చు, పాతది కొత్తదాని స్థానంలో వాడకూడదు. ఎఫ్ఏ-4 మాత్రం వేరే. సీకే-4తో పాటే వచ్చినా, డీజిల్ ఆదా కోసం పలచగా చేసిన ఆయిల్ అది. 150 డిగ్రీల వేడిలో, బేరింగుల మధ్య ఒత్తిడిలో సీకే-4 కనీసం 3.5 సెంటీపాయిజ్ చిక్కదనం నిలబెట్టుకోవాలి. ఎఫ్ఏ-4కు అది 2.9 నుంచి 3.2 మాత్రమే. తయారీదారు ఎఫ్ఏ-4 పేరు పెట్టి చెబితే తప్ప దాని జోలికి పోవద్దు.

ఇక అసలు విషయానికొస్తాను. మీ బండికి సైలెన్సర్ వైపు డీపీఎఫ్ ఉందా లేదా? పొగలోని మసిని పట్టుకునే ఫిల్టర్ అది. పట్టుకున్న మసిని 600 డిగ్రీల దగ్గర కాల్చేసుకుంటుంది కాబట్టి మసితో అంత ప్రమాదం లేదు. ఇంజన్‌లో కొద్దికొద్దిగా కాలిపోయే ఆయిల్ నుంచి వచ్చే బూడిదతోనే చిక్కు. ఆయిల్‌లో కలిపే కాల్షియం, మెగ్నీషియం, జింక్ మందులు కాలి బూడిదవుతాయి, ఆ బూడిద ఇక కాలదు. డీపీఎఫ్ విప్పి వెనక వైపు నుంచి గాలి కొట్టినప్పుడు రాలేది అదే: లేత రంగు మెత్తని పొడి, సన్నని గళ్ల చివర్లో దిమ్మిస కొట్టినట్టు బిగిసి ఉంటుంది. వేళ్ల మధ్య నలిపితే మసిలా నల్లగా అంటుకోదు. పొగ దారి మూసుకుపోతే ఇంజన్ మీద వెనక ఒత్తిడి పెరుగుతుంది, పికప్ పోతుంది, డీజిల్ ఎక్కువ తాగుతుంది, డీపీఎఫ్ మార్చేసరికి ఖర్చు తడిసి మోపెడవుతుంది. అందుకే సీజే-4, సీకే-4లలో బూడిద 1.0 శాతం మించకూడదని హద్దు పెట్టారు. సీఐ-4కు ఆ హద్దు లేదు. డీపీఎఫ్ ఉన్న బండిలో సీఐ-4 పోస్తే ఆ రోజు ఏమీ కాదు, బండి మెత్తగానే నడుస్తుంది. అందుకే జనం మోసపోతారు.

అలాగని అందరికీ తక్కువ బూడిద ఆయిలే మేలు అనుకోకండి. బూడిద ఇచ్చే ఆ మందుల్లో చాలావరకు యాసిడ్‌ను విరిచే పని చేసేవే. డీజిల్‌లో సల్ఫర్ ఎక్కువుంటే ఇంజన్‌లో యాసిడ్ ఎక్కువ పుడుతుంది. దాన్ని తట్టుకునే శక్తిని టీబీఎన్ అనే అంకెతో కొలుస్తారు. డీపీఎఫ్ లేని పాత ఇంజన్, సల్ఫర్ ఎక్కువున్న డీజిల్, ఈ రెండూ కలిసిన చోట టీబీఎన్ ఎక్కువున్న సీఐ-4 ఇప్పటికీ మంచి ఆయిల్. అక్కడ సీజే-4 లాంటిది పోయాల్సి వస్తే, సల్ఫర్ 15 పీపీఎం (పది లక్షల పాళ్లలో 15) దాటినప్పుడు ఎన్ని గంటలకు మార్చాలో ఇంజన్ తయారీదారును అడిగి తెలుసుకోండి. పాతవీ కొత్తవీ కలిపి పది బండ్లున్నవాళ్లు, దొరికే డీజిల్ శుభ్రంగా ఉంటే, అన్నిటికీ సీకే-4 ఒక్కటే పెట్టుకోవడం మంచిది. స్టోరులో ఒకే రకం డ్రమ్ములుంటే ఒకదాని బదులు ఇంకోటి పోసే టెన్షన్ ఉండదు. పాత బండ్ల మాన్యువల్ మాత్రం ఒకసారి సరిచూసుకోండి.

చిక్కదనం సంగతి. 15డబ్ల్యూ-40లో 15డబ్ల్యూ చలిలో స్టార్టింగ్‌కు సంబంధించింది, 40 వేడెక్కాక ఉండే చిక్కదనానికి. 15డబ్ల్యూ ఆయిల్‌ను మైనస్ 20 డిగ్రీల దగ్గర ఇంజన్ తిరగగలదా అని పరీక్షిస్తారు, 10డబ్ల్యూను మైనస్ 25 దగ్గర, 5డబ్ల్యూను మైనస్ 30 దగ్గర. నీళ్లు గడ్డకట్టే చలి లేని చోట ఎక్కువ ఇంజన్లకు 15డబ్ల్యూ-40 చాలు. "లోడు ఎక్కువ, కాబట్టి ఇంకా చిక్కటిది పోద్దాం" అంటారు కొందరు. వద్దు. ఇంజన్‌లో బేరింగుల సందు, పంపు, పిస్టన్‌ను చల్లబరిచే జెట్లు అన్నీ ఒక చిక్కదనాన్ని లెక్కలోకి తీసుకుని చేసినవి. చల్లటి ఇంజన్ స్టార్ట్ చేశాక టర్బో షాఫ్ట్ దాకా ఆయిల్ చేరడం ఆలస్యమైతే అరిగేది ఆ షాఫ్టే. డెట్రాయిట్ కంపెనీ పాతకాలపు రెండు స్ట్రోకుల ఇంజన్లు నడిపేవాళ్లకు ఒక మాట: వాటికి 15డబ్ల్యూ-40 లాంటి రెండు అంకెల మల్టీగ్రేడ్ కాదు, బూడిద తక్కువున్న ఒంటి గ్రేడ్ 40, సీఎఫ్-2 కేటగిరీ ఆయిల్ పోయాలి.

సింథటిక్, అంటే రసాయన పద్ధతిలో తయారుచేసిన ఆయిల్ కావాలా? చలి బాగా ఉన్నా, ఆయిల్ ఎక్కువ గంటలు నడవాలని తయారీదారు అనుమతిచ్చినా తీసుకోండి. కేటగిరీ తప్పుగా ఉంటే సింథటిక్ అయినా ప్రయోజనం లేదు.

ఇప్పుడు డబ్బా తిప్పండి. ఏపీఐ లైసెన్సున్న ఆయిల్‌కు గుండ్రటి గుర్తు ఉంటుంది: పైన కేటగిరీ, మధ్యలో గ్రేడ్. తయారీదారు నంబర్ దగ్గర మాటలు జాగ్రత్తగా చదవండి. 'అప్రూవ్డ్' అని ఉంటే ఇంజన్ కంపెనీ ఆమోదించినట్టు. 'మీట్స్', 'సూటబుల్ ఫర్' అని ఉంటే ఆయిల్ అమ్మేవాడు తన మాటగా చెబుతున్నట్టు. ఈ రెండింటికీ చాలా తేడా ఉంది, వారంటీ ఉన్న ఇంజన్‌కు మరీ ఎక్కువ. విడిగా సీసాల్లో అమ్మే 'పవర్' మందులు కలపకండి. కేటగిరీ పరీక్షలు నెగ్గిన ఆయిల్‌లో మందుల పాళ్లు ముందే సరితూగి ఉంటాయి.

జనరేటర్లకు ఆయిల్ మార్చడానికి గంటలతో పాటు నెలలూ చూడాలి. నెలకోసారి పది నిమిషాలు తిప్పి ఆపే సెట్‌లో ఇంజన్ పూర్తిగా వేడెక్కదు, డీజిల్, తేమ ఆయిల్‌లోనే ఉండిపోతాయి. గంటలు నిండకపోయినా మాన్యువల్ చెప్పిన నెలలకు మార్చేయండి.

ఆయిల్ నల్లబడిందని కంగారు పడొద్దు. మసిని పట్టుకోవడం దాని పని. అనుమానముంటే డిప్‌స్టిక్ నుంచి ఒక వేడి చుక్కను వడపోత కాగితం మీద వేసి తెల్లారేదాకా వదలండి. నలుపు అంచుల దాకా సమానంగా పరుచుకుంటే మసిని ఇంకా చెదరగొట్టి ఉంచుతోంది. నడిమధ్య నల్లటి ముద్ద ఆగిపోయి, చుట్టూ పలచటి జిడ్డు వలయం మాత్రమే ఉంటే మార్చాల్సిందే. పెద్ద ఇంజన్లకైతే ల్యాబ్ పరీక్ష చేయించండి. చిక్కదనం పడిపోతే డీజిల్ కలుస్తున్నట్టు, సోడియం, పొటాషియం పెరిగితే కూలెంట్ వైపు చూడాలి, సిలికాన్ పెరిగితే ముందు ఎయిర్ ఫిల్టర్, దాని గొట్టాలు వెతకాలి. శాంపిల్‌ను ఇంజన్ వేడిగా ఉండగా, ఆయిల్ దింపేటప్పుడు ధార మధ్యలో పట్టండి. మొదట వచ్చేది, అడుగున మిగిలేది వద్దు. సీసా మీద ఆయిల్ పేరు, గ్రేడ్, ఆ ఆయిల్ నడిచిన గంటలు రాసి పంపండి.