పాత కారు సీట్ బెల్టు మనమే మార్చుకోవడం ఎలా?

మా ఇంట్లో 2003 నాటి మారుతీ 800 ఇంకా తిరుగుతూనే ఉంది. నాన్న దాని బెల్టు వాడింది కూడళ్ళ దగ్గరే. పోలీసు కనపడగానే లాగి ఒళ్ళో వేసుకునేవారు, దాటగానే వదిలేసేవారు. బండి నా చేతికొచ్చేసరికి బెల్టు సగం లోపలికి వెళ్ళి ఆగిపోయేది. మిగతా సగం తలుపులో పడి నలిగి నలిగి, అంచు వెంట పోగులు లేచాయి. కొత్తది తెచ్చి నేనే వేశాను. రెండు గంటల పని. అందులో ఒక గంట తెలియక పడ్డ టెన్షనే, అదేమిటో కింద చెబుతాను.

మొదలుపెట్టే ముందు మీ బండిలో ఎయిర్‌బ్యాగ్ ఉందేమో చూసుకోండి. స్టీరింగ్ మీద ఎస్‌ఆర్‌ఎస్ అనే అక్షరాలున్నా, బెల్టు చుట్టుకునే డబ్బాలోకి పసుపు రంగు ప్లగ్గుతో వైరు వెళ్తున్నా పానా పక్కన పెట్టేయండి. ఆ బెల్టులో ప్రమాద సమయంలో పేలి బెల్టును బిగించే మందు ఉంటుంది. అది సర్వీస్ సెంటర్ పని. నేను చెప్పేదంతా వైరు లేని పాత బెల్టుల గురించే.

కడిగితే సరిపోతుందేమో చూడండి

బెల్టు నెమ్మదిగా వెనక్కి వెళ్తుంటే తప్పు చాలాసార్లు స్ప్రింగుది కాదు. భుజం పైన, తలుపు పక్కన నిలువుగా ఉండే పిల్లర్ మీద బెల్టు దూరి వచ్చే రింగు ఉంటుంది. ఏళ్ళ తరబడి చెమట, దుమ్ము కలిసి దానిలో నల్లటి మైనంలా పేరుకుపోతాయి. బెల్టు పూర్తిగా లాగి, వెనక్కి పోకుండా బట్టల క్లిప్పు పెట్టి, సబ్బునీళ్ళలో తడిపిన గుడ్డతో రింగునూ బెల్టునూ తుడవండి. నీడలో ఆరనివ్వండి. బ్లీచింగ్, పెట్రోలు లాంటివి తగలనివ్వకండి, నేత బలం పోతుంది. పోగులు లేచినా, ఎక్కడైనా కోసుకున్నా, ఒకసారి గట్టి యాక్సిడెంట్‌లో వాడిన బెల్టయినా మార్చాల్సిందే. సీటు కవర్లు కుట్టే షాపులో కుట్టించే ఆలోచన మాత్రం వద్దు.

కొనేటప్పుడు బండి మోడల్, సంవత్సరం చెప్పి కొత్త ఒరిజినల్ పార్టే అడగండి. స్క్రాప్‌లో చవగ్గా దొరుకుతాయి గానీ, ఆ బండి స్క్రాప్‌కి ఎందుకొచ్చిందో ఎవరు చెబుతారు? ఒకసారి మనిషి బరువు ఆపిన బెల్టు సాగిపోయి ఉంటుంది, చూస్తే తెలియకపోవచ్చు. కుడి బెల్టు కుడికే, ఎడమది ఎడమకే. బకిల్ (బెల్టు కొస దూర్చి లాక్ చేసే భాగం) ఉన్న పొట్టి ముక్క కూడా జతగా మార్చడం మేలు.

విప్పడం

సీటు పూర్తిగా ముందుకు జరపండి. ప్రతి దశలో ఫోన్‌తో ఫోటో తీసుకోండి. ముఖ్యంగా రింగు బోల్టు దగ్గర వాషర్, స్పేసర్ ఏ వరసలో ఉన్నాయో చూసుకోండి. ఆ వరస తప్పితే రింగు ఊగకుండా బిగుసుకుపోతుంది.

బోల్టుల మీద ప్లాస్టిక్ మూతలను సన్నటి స్క్రూడ్రైవర్‌తో లేపండి. గుమ్మం పట్టీ, పిల్లర్ కింది ప్లాస్టిక్ తొందరపడి లాగితే క్లిప్పులు విరుగుతాయి, పాత ప్లాస్టిక్ అప్పడంలా ఉంటుంది. మా బండి బోల్టులకు 17 నంబర్ సాకెట్ సరిపోయింది. కదలకపోతే తుప్పు వదిలించే స్ప్రే కొట్టి పావుగంట ఆగండి. స్ప్రే బెల్టు మీద పడకూడదు.

బోల్టు వచ్చాక అది దిగే చోట రేకును స్క్రూడ్రైవర్‌తో పొడిచి చూడండి. విశాఖ, కాకినాడ లాంటి సముద్రపు గాలి తగిలే ఊళ్ళ బండ్లకు ఇది మరీ ముఖ్యం. రేకు పొరలుగా రాలితే పని ఆపి వెల్డింగ్ మేస్త్రీని పిలవండి. కుళ్ళిన రేకుకి కొత్త బెల్టు కట్టి లాభం లేదు.

కొత్త బెల్టు లాగితే రాదు, కంగారు పడొద్దు

నా గంట పోయింది ఇక్కడే. కొత్త బెల్టు డబ్బా చేతిలో పట్టుకుని లాగితే అంగుళం కూడా రాలేదు. పాడైన సరుకు అంటగట్టారని షాపు వాడికి ఫోన్ చేయబోయాను. తీరా చూస్తే అది చేయాల్సిన పనే చేస్తోంది. డబ్బా లోపల గిన్నెలాంటి చోట చిన్న ఉక్కు గోళీ ఉంటుంది. బ్రేకు పడినా బండి ఒరిగినా గోళీ దొర్లి ఒక మీటను లేపుతుంది, అది పళ్ళ చక్రాన్ని పట్టేస్తుంది. అంతర్జాతీయ నిబంధన ప్రకారం డబ్బా 12 డిగ్రీల లోపు ఒరిగితే లాక్ పడకూడదు, 27 డిగ్రీలు దాటితే పడి తీరాలి. చేతిలో అడ్డంగా పట్టుకుంటే ఎలా వస్తుంది? బండిలో బిగించే కోణంలో నిటారుగా పట్టుకుని మెల్లగా లాగితే సాఫీగా వచ్చింది. లాగి క్లిప్పు పెట్టేయండి, బిగించేటప్పుడు చేతులకు అడ్డం రాదు.

బిగించడం

ముందు డబ్బా, తర్వాత పై రింగు, చివర కింది బోల్టు. బెల్టు ఎక్కడా మెలి పడకుండా చూసుకోండి. బోల్టులు మొదట నాలుగైదు చుట్లు చేత్తోనే తిప్పండి. ఇవి సాధారణంగా 7/16 అంగుళాల సైజు, అంగుళానికి 20 మరలు. హార్డ్‌వేర్ షాపులో 12 ఎంఎం బోల్టు తెచ్చి బలవంతంగా తిప్పితే మరలు చెడిపోతాయి. బెల్టుతో వచ్చిన బోల్టులే వాడండి. బిగింపు సర్వీస్ మాన్యువల్‌లో ఉన్నంతే ఉండాలి. చాలా చిన్న కార్లకు అది 35 నుంచి 45 న్యూటన్ మీటర్ల మధ్య ఉంటుంది. టార్క్ రెంచ్ (ఎంత బలంతో బిగిస్తున్నామో చూపే పానా) లేకపోతే చివరి బిగింపు మాత్రం తెలిసిన మెకానిక్‌తో వేయించుకోండి.

మూతలు పెట్టే ముందే పరీక్షించండి. గట్టిగా గుంజితే పట్టేయాలి, వదిలితే మొత్తం లోపలికి వెళ్ళాలి, రింగు ఊగాలి. తర్వాత ఖాళీ రోడ్డు మీద, వెనక ఎవరూ లేకుండా చూసి, 20 కిలోమీటర్ల వేగంలో ఒక్కసారి బ్రేకు వేయండి. ఛాతీ మీద బెల్టు బిగుసుకోవడం తెలియాలి.

పాత బెల్టును అలాగే పారేయకండి, ఎవరో ఒకరు తుడిచి అమ్మేస్తారు. పట్టీని కత్తెరతో కోసేయండి. మా దాని ముక్కను అమ్మ అటక మీద పాత పరుపు చుట్టి కట్టడానికి తీసుకుంది.