పండ్ల వాసన పెర్ఫ్యూమ్ నిలవట్లేదా? సమస్య - పరిష్కారం

నిమ్మ, యాపిల్, పీచ్ వాసనలతో వచ్చే ఫ్రెష్ పెర్ఫ్యూమ్‌ల మీద వినిపించే ఫిర్యాదులు కొన్నే. వాటిలో చాలావరకు తప్పు సీసాది కాదు.

అరగంటకే నిమ్మ, యాపిల్ వాసన పోయింది

ఎక్కువమంది అనేది ఇదే. నిమ్మజాతి తొక్కల నూనెలో ఎక్కువ భాగం లిమోనీన్. తేలికైన పదార్థం, ఒంటి వేడికి ఇట్టే ఆవిరైపోతుంది. 2001లో ఒలివియే క్రెస్ప్ తయారుచేసిన డోల్చే అండ్ గబ్బానా లైట్ బ్లూ అనే పెర్ఫ్యూమ్ సంగతే చూడండి. కొట్టగానే సిసిలీ నిమ్మ, పచ్చ యాపిల్ గుప్పుమంటాయి. కాసేపటికి మల్లె, తెల్ల గులాబీ, వెదురు పైకొస్తాయి. చివరికి మిగిలేది దేవదారు, అంబర్, మస్క్ (కస్తూరి లాంటి వాసన). అంటే యాపిల్ నచ్చి కొన్నవాళ్లు కూడా రోజులో ఎక్కువసేపు పూసుకుని తిరిగేది దేవదారే!

పీచ్ కాస్త నయం. ఆ వాసననిచ్చే గామా అన్‌డెకాలాక్టోన్ అంత తొందరగా ఎగిరిపోదు. పండు వాసనే నిలవాలనుకుంటే నిమ్మకన్నా పీచ్ ఉన్నవి వెతకండి.

ఏం చేయాలి: పొడిబారిన చర్మం మీద పెర్ఫ్యూమ్ నిలవదు. స్నానం కాగానే వాసన లేని మాయిశ్చరైజర్ రాసి, దాని మీద కొట్టండి. మణికట్లు ఒకదానికొకటి రుద్దకండి, ఆ రాపిడికి ముందు పోయేది నిమ్మే. చొక్కా మీద కొడితే ఇంకాసేపు ఉంటుంది. మధ్యాహ్నానికి మళ్లీ కావాలంటే చిన్న సీసాలో పోసి బ్యాగులో పెట్టుకోవడమే, వేరే కిటుకేమీ లేదు. అదే పేరుతో ఈడీపీ (ఓ ద పర్ఫ్యూమ్, అంటే ఇంకాస్త గాఢమైన రకం) కొంటే నిమ్మ ఎక్కువసేపు ఉంటుందని ఆశపడొద్దు. సాధారణంగా అందులో బరువయ్యేది చివరిదాకా మిగిలే అడుగు వాసనలే. చార్మినార్ దగ్గర కొన్న అత్తరు రెండ్రోజులుంటుంది కదా అంటారు కొందరు. సంప్రదాయ అత్తరుకు ఆధారం గంధం నూనె, ఇక్కడేమో ఆల్కహాల్. రెండింటికీ పోలికే లేదు.

షాపులో బాగుంది, ఒంటిమీద వేరేలా ఉంది

షాపులో వాసన చూసింది కాగితం మీద. కాగితానికి వేడి లేదు, చెమట లేదు, జిడ్డు లేదు. పైగా మన ఒంటిమీద అప్పటికే సబ్బు, పౌడర్, తలకు రాసిన కొబ్బరినూనె వాసనలు కలిసి ఉంటాయి. తియ్యటి పండు వాసనకు సువాసన పౌడర్ తోడైతే చాక్లెట్ డబ్బా మూత తీసినట్టే.

మణికట్టు మీద కొట్టించుకుని బయటికి వచ్చేయండి. మూడు నాలుగు గంటలయ్యాక ఏ వాసన మిగిలిందో చూసి, అది నచ్చితేనే డబ్బు పెట్టండి. ఒక్కో చేతికి ఒకటి, అంతకుమించి వద్దు.

నాకు రావట్లేదు, పక్కవాళ్లకి వస్తోందట

ముక్కు అలవాటు పడిపోయింది. కొందరికైతే కొన్ని రకాల మస్క్ అసలు తెలియనే తెలియదు. అనుమానం ఉంటే అప్పుడే బయట్నుంచి వచ్చినవాళ్లని అడగండి. పోయిందనుకుని మళ్లీ మళ్లీ కొట్టుకుంటే లిఫ్టులో ఉన్నవాళ్లకి నరకం.

మొదట్లోనే పుల్లగా, ఘాటుగా కొడుతోంది

కొట్టిన మొదటి నిమిషంలోనైతే అది ఆల్కహాల్, ఆగండి. ఆ తర్వాత కూడా తగ్గకుండా, రంగు కూడా ముదిరితే నిమ్మ నూనెలు గాలికి, వేడికి పాడైనట్టే. ఎండలో ఆపిన కారు, బాత్రూం అలమర, కిటికీ పక్కనున్న డ్రెస్సింగ్ టేబుల్, ఈ మూడూ సీసాకు శత్రువులు. పాడైనదాన్ని బాగుచేయలేం. కొత్తదాన్ని దాని అట్టపెట్టెలోనే ఉంచి బీరువాలో పెట్టండి.

కొట్టిన చోట నల్లమచ్చ, దురద

బెర్గమాట్ అనే నిమ్మజాతి పండు నూనెలో బెర్గాప్టెన్ అనే పదార్థం ఉంటుంది. అది ఒంటిమీద ఉండగా ఎండ తగిలితే మచ్చ పడొచ్చు. ఇప్పుడు దాన్ని తీసేసిన నూనె దొరుకుతుంది కానీ, ఇంట్లో సొంతంగా కలుపుకునేవాళ్లు మాత్రం జాగ్రత్త. ఎండలోకి వెళ్లేముందు మెడ మీద కాకుండా బట్టల మీద కొట్టండి. దురద తగ్గకపోతే వాడకం ఆపి చర్మం డాక్టర్‌కి చూపించండి. బట్టల మీద కొట్టినా తెల్ల పట్టుమీద మాత్రం వద్దు, వెనిల్లా ఉన్నవి పసుపు మరక వదులుతాయి. ముత్యాల దండ వేసుకునేది కూడా పెర్ఫ్యూమ్ ఆరాకే.