పండగ పొయ్యి ముట్టించే ముందు పొగగొట్టం చూసుకోండి

పోయిన వారం మా పక్క ఊళ్లో ఒక మట్టి మిద్దె కాలిపోయింది. పెళ్లి వంటల కోసం తెల్లవారుజాము నుంచి కట్టెల పొయ్యి ఆపకుండా మండించారు. మంట లేచింది మాత్రం పైన, గొట్టం మిద్దె దాటే చోట. ఇంట్లోవాళ్లు ప్రాణాలతో బయటపడ్డారు, అంతే చాలు. మరుసటి రోజు వెళ్లి, కాలకుండా మిగిలిన దంతె (మిద్దెను మోసే కొయ్య) ముక్కను మేకుతో గీకి చూశాను. పైకి గట్టిగానే ఉంది, లోపల వేలు లోతున బొగ్గు రాలింది. ఒక్క రోజులో అయ్యే పని కాదది.

అనంతపురం చుట్టుపక్కల 20 ఏళ్లుగా రేకు పని చేస్తున్నాను. కొంపలు ముంచింది ఎక్కువగా ఈ ఒక్క తప్పే: గొట్టాన్ని కొయ్యకు ఆనించి తీయడం. వెలుతురుకు మిద్దెలో విడిచిన గవాచి ఎటూ ఉంది కదా అని అందులోంచే గొట్టం లేపుతారు, సందుల్లో గోనెసంచి కుక్కి పైన మట్టి మెత్తుతారు. రోజూ అరగంట వంటకు ఏమీ కాదు. కానీ ఆ వేడికి కొయ్య కొంచెం కొంచెంగా మాడి, తక్కువ వేడికే అంటుకునేలా తయారవుతుంది. సంక్రాంతికి నిప్పట్లు, అరిసెలు అంటూ పొద్దంతా మండిస్తే ఆ రోజు అంటుకుంటుంది. నాలుగేళ్లుగా ఏమీ కాలేదు కదా అంటారు. ఆ నాలుగేళ్లూ కొయ్య మాడుతూనే ఉంది.

ఒకే పొర రేకుతో చేసిన గొట్టానికీ కొయ్యకూ మధ్య 18 అంగుళాలు ఖాళీ ఉండాలి. మిద్దెలోంచి తీయక తప్పకపోతే అంత మేర దంతెలు కోయించి, అంచుకు ఇటుక కట్టించండి. రాతి గోడ ఉంటే గోడలోంచి బయటికి తీయడం మేలు. బయట గొట్టం త్వరగా చల్లబడుతుంది కాబట్టి మసి ఎక్కువ పేరుకుంటుంది, నెలకోసారి దులపాలి.

ఇక రేకు. 24 గేజు నల్ల రేకు తీసుకోండి. గేజు నంబరు పెరిగేకొద్దీ రేకు పలచనవుతుంది, చవక అని 30 గేజు తెచ్చుకోకండి. జింకు పూత గొట్టం పొయ్యి దగ్గర వద్దు, పూత 420 డిగ్రీల లోపే కరుగుతుంది, ఆ పొగ మంచిది కాదు. సిమెంటు గొట్టం వేడికి పగులుతుంది.

అతుకుల్లో చాలామంది తలకిందులు చేస్తారు. మిద్దె మీది వాన నీళ్ల గొట్టం చూడండి, పై ముక్క కింది ముక్క నోట్లోకి దిగి ఉంటుంది. పొగగొట్టమూ అంతే. పొగ కారుతుందని తిరగేసి తొడిగితే పొగ చల్లబడి లోపల పేరుకున్న తారు అతుకులోంచి బయటికి కారి నిప్పంటుకుంటుంది. ప్రతి అతుక్కీ మూడు స్క్రూలు.

పొయ్యిలో పొగ బయటికి పోయే నోరు 6 అంగుళాలైతే గొట్టమూ 6 అంగుళాలే, పైకి పోయేకొద్దీ సన్నం చేయొద్దు. వంపులు రెండుకు మించొద్దు. అడ్డంగా పోయే చోట అడుగుకు పావు అంగుళం పైకి ఎత్తు ఉండాలి. మిద్దె పైన కనీసం 3 అడుగులు లేవాలి. పచ్చి కంపకట్టె వేయొద్దు, తారు ఎక్కువగా దాంతోనే. బోదగడ్డి కొట్టంలోంచి గొట్టం తీయనే తీయొద్దు, నేనైతే ఎంతిచ్చినా బిగించను. చలి అని తలుపులూ కిటికీలూ అన్నీ మూసి నిప్పుల పక్కన పడుకోవద్దు, నిప్పుల నుంచి వచ్చే విషవాయువుకు వాసన ఉండదు. తలనొప్పి, వాంతి వస్తే ముందు బయటికి రండి. గొట్టం గుయ్యిమని మోగితే లోపల మసికి నిప్పంటుకున్నట్టే. కట్టెలు పెట్టే నోరు మూయండి, గొట్టం మీద నీళ్లు పోయొద్దు, పిల్లల్ని బయటికి తెచ్చి 101కి ఫోన్ చేయండి. పాత గొట్టమైతే పిండి తడపకముందే నిచ్చెన వేసి, పక్కనున్న దంతెను మేకుతో గీకండి. నల్లగా రాలితే ఆ పొయ్యి ముట్టించొద్దు.