లారీ డ్రైవింగ్ నేర్చుకుందాం – 4వ పాఠం: ఫారం 1ఏ మీద సంతకం పడేముందు

పోయిన మూడు పాఠాల్లో బండి గురించే మాట్లాడుకున్నాం. గాలి బ్రేకులు, గేర్లు, పొద్దున్నే బండి చుట్టూ తిరిగి చూడాల్సినవి. ఈ పాఠం మీ ఒంటి గురించి, ఆ తర్వాత మీ లైసెన్సు గురించి. రెండూ ఒకే పాఠంలో ఎందుకు పెట్టానో చదువుతుంటే మీకే తెలుస్తుంది.

బండికి ఎఫ్‌సీ (ఫిట్‌నెస్ సర్టిఫికెట్) దగ్గర పడిందంటే ఎంత హడావుడి చేస్తాం! రెండు రోజులు షెడ్డులో పెట్టి, బ్రేకులు సరిచేయించి, లైట్లు చూసుకుని, రేడియం స్టిక్కర్లు అంటించి మరీ ఆర్టీవో ఆఫీసుకు తీసుకెళ్తాం. అదే డ్రైవర్ ఎఫ్‌సీకి వచ్చేసరికి, డాక్టరు చూసి రాసివ్వాల్సిన ఫారం 1ఏను ఏజెంటు చేతిలో పెట్టి టీ తాగడానికి వెళ్ళిపోతాం. నేనూ అలాగే చేశాను. నా మొదటి హెవీ లైసెన్సుకు నన్ను ఏ డాక్టరూ చూడలేదు. మధ్యాహ్నం ఫారం ఇచ్చాను, సాయంత్రానికి సంతకంతో, ముద్రతో తిరిగొచ్చింది. నా చూపు బాగుందని అందులో రాసి ఉంది.

ఏడేళ్ళ తర్వాత ఒక రాత్రి ఒంగోలు దాటి నెల్లూరు వైపు వెళ్తున్నాను. డివైడర్ అవతలి నుంచి వచ్చే లైట్ల చుట్టూ గుండ్రంగా వలయాలు, వాటి నుంచి పక్కలకు చీలికలు. రాత్రిపూట అందరికీ ఇలాగే కనిపిస్తుందని ఏళ్ళ తరబడి అనుకుంటూ వచ్చాను. ఎడమ అంచున టెయిల్ లైట్లు లేకుండా ఆగి ఉన్న టిప్పరు నాకు కనిపించలేదు. "అన్నా, బండి!" అని క్లీనర్ కేక పెట్టాడు. స్టీరింగ్ కుడికి తిప్పేశాను. ఎడమ అద్దం విరిగి క్యాబిన్ తలుపుకేసి కొట్టుకుంది. ముందుకెళ్ళి ఆపాక చూస్తే ఆ కుర్రాడి చేతులు వణుకుతున్నాయి. అతను కూర్చున్నది ఎడమ వైపే.

మరుసటి వారం కంటి డాక్టరుకు చూపించుకున్నాను. కుడి కన్ను బాగానే ఉంది, ఎడమ కంట్లో సిలిండర్ పవర్ ఉందన్నారు. అద్దాలు రాసిచ్చారు. వాటితో మొదటి రాత్రి రోడ్డెక్కినప్పుడు ఎదురు లైటు ఒట్టి లైటులా కనిపించింది. ఆ ఏడేళ్ళు నేనెంతమంది పక్క నుంచి దూసుకెళ్ళానో ఇప్పటికీ తలుచుకుంటే భయమేస్తుంది. అందుకే నా దగ్గర నేర్చుకునే ప్రతి ఒక్కరితో స్టీరింగ్ పట్టించే ముందు ఈ పాఠం చేయిస్తాను.

ముందు ఆ కాగితాలేమిటో చూద్దాం. ఫారం 1 మీరు రాసిచ్చే హామీ: నా ఆరోగ్యం ఇలా ఉంది అని మీ సంతకంతో చెప్పేది. ఫారం 1ఏ డాక్టరు ఇచ్చే సర్టిఫికెట్. నలభై ఏళ్ళు దాటినవాళ్ళకూ, వయసుతో పని లేకుండా ట్రాన్స్‌పోర్ట్ లైసెన్సు కావాల్సిన అందరికీ ఇది తప్పనిసరి. లారీ నడపాలంటే ఇరవై ఒక్కేళ్ళ కుర్రాడికైనా కావాల్సిందే. కొత్తగా తీసుకునేటప్పుడే కాదు, రెన్యువల్ చేయించిన ప్రతిసారీ కావాలి.

ఆ ఫారాల్లో అన్నిటికంటే ముఖ్యమైన ప్రశ్న నెంబరు ప్లేటు ప్రశ్న. మంచి పగటి వెలుతురులో, 25 మీటర్ల దూరం నుంచి, కారు నెంబరు ప్లేటు చదవగలరా? అద్దాలుంటే పెట్టుకునే చదవవచ్చు. ఫారం 1లో ఒక్కో కంటి సంగతి అడుగుతారు. రెండు కళ్ళూ తెరిచి చూస్తే నాకూ ప్లేటు శుభ్రంగా కనిపించేది. బాగున్న కన్ను పాడైన కంటి లోపాన్ని దాచేస్తుంది. నా ఏడేళ్ళూ అలాగే గడిచాయి.

ఈ పరీక్ష ఇవాళే చేయండి. వీధిలో ఆగి ఉన్న కారు దగ్గర నుంచి టేపుతో 25 మీటర్లు కొలవండి. టేపు లేకపోతే మామూలు నడకలో దాదాపు ముప్పై మూడు అడుగులు వేస్తే ఆ దూరం వస్తుంది. ఆ ప్లేటు నెంబరు ముందే మీకు తెలిసి ఉండకూడదు, కాబట్టి పక్కింటి కారు పనికిరాదు. అరచేతిని గిన్నెలా చేసి కుడి కన్ను కప్పండి. కన్ను నొక్కితే తీసిన తర్వాత కాసేపు మసకగా ఉంటుంది, అందుకే నొక్కవద్దు. ఎడమ కంటితో పైకి చదవండి. తర్వాత ఇంకో కారు ముందు నిలబడి రెండో కంటితో చదవండి. 8నీ బినీ, 0నీ డినీ, 5నీ 6నీ పోల్చుకోలేక కళ్ళు చికిలించాల్సి వస్తే అది చదివినట్టు కాదు. కంటి డాక్టరు దగ్గరికి వెళ్ళండి.

25 మీటర్లంటే ఎంతో చెబుతాను. గంటకు 60 కిలోమీటర్ల వేగంలో బండి సెకనుకు దాదాపు 17 మీటర్లు పోతుంది. అంటే 25 మీటర్లు సెకనున్నరలో అయిపోతాయి. కాలు బ్రేకు మీదకు వెళ్ళేసరికే అందులో సగానికి పైగా గడిచిపోతుంది. ఫారం అడుగుతున్నది కనీసపు చూపు మాత్రమే. లోడు బండికి అంతకు రెండు మూడింతల చూపు కావాలి.

అదే పరీక్ష పొద్దుగూకే వేళ ఇంకోసారి చేయండి. చట్టం అడగదు, నేను అడుగుతున్నాను. పగలు బాగా చదివి, మసక చీకట్లో తడబడితే ఆ మాట డాక్టరుకు విడిగా చెప్పండి. రేచీకటి ఉందా అని ఫారంలో అడుగుతారు, కానీ పగటిపూట క్లినిక్‌లో కూర్చున్న మనిషిని చూసి డాక్టరు దాన్ని కనిపెట్టలేరు. మీరు చెబితేనే తెలుస్తుంది.

పక్క చూపు కూడా చూసుకోండి. స్నేహితుణ్ణి చేయి చాపినంత దూరంలో ఎదురుగా కూర్చోబెట్టి, ఇద్దరూ ఎదురెదురుగా ఒక్కో కన్ను మూసుకోండి. మీరు అతని కంటిలోకే చూస్తూ ఉండాలి. అతను వేలు ఆడిస్తూ పక్క నుంచి మధ్యకు తీసుకురావాలి. ఇద్దరికీ దాదాపు ఒకేసారి కనబడాలి. అతనికి ఎప్పుడో కనబడి, మీకు ఇంకా కనబడకపోతే అది పెద్ద విషయం. లారీకి ఎడమ పక్కన స్కూటర్లు దూరేది సరిగ్గా ఆ మూల నుంచే.

రంగుల సంగతికి వస్తే, వర్ణాంధత్వం ఉందని తేలి చదువు మానేసినట్టు డ్రైవింగ్ మానేసిన కుర్రాళ్ళను చూశాను. 2020లో నిబంధన మారింది. కొద్దిపాటి నుంచి మధ్యస్థంగా ఉన్నవాళ్ళకు లైసెన్సు ఇస్తారు, తీవ్రంగా ఉన్నా, పూర్తిగా ఉన్నా మాత్రం ఇవ్వరు. కాబట్టి డాక్టరు చూపే రంగు చుక్కల పుస్తకంలో ఒక అంకె కనబడలేదని ఇంటికి వెళ్ళిపోకండి. ఏ స్థాయిలో ఉందో కంటి డాక్టరుతో రాయించుకోండి.

చెవులు, చేతులు, కాళ్ళ గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. మామూలు హారన్ వినబడాలి, క్లచ్ పూర్తిగా తొక్కగలగాలి, స్టీరింగ్ తిప్పేటప్పుడు భుజం పట్టేయకూడదు.

మూర్ఛ గురించి మాత్రం ఆగి మాట్లాడాలి. ఫిట్స్ వచ్చినా, ఉన్నట్టుండి స్పృహ తప్పినా, కళ్ళు తిరిగి పడిపోయినా ఫారం 1లో చెప్పాలి. చాలామంది దాస్తారు. ఇంట్లో అప్పులుంటాయి, వేరే పని రాదు, నాకు ఆ బాధ అర్థమవుతుంది. కానీ ముప్పై టన్నుల బండిలో మీకు స్పృహ తప్పే పది సెకన్లలో ఎదురుగా బస్సు ఉండవచ్చు. ఈ పని వదిలి లోడింగ్ సూపర్‌వైజర్‌గానో, షెడ్డులోనో చేరినవాళ్ళు నాకు తెలుసు. వాళ్ళు బాగానే బతుకుతున్నారు. మందులు మాత్రం లైసెన్సు కోసం ఎప్పుడూ ఆపకండి.

షుగర్ ఉంటే లారీ నడపకూడదా అని ప్రతి బ్యాచ్‌లోనూ అడుగుతారు. అదుపులో ఉంటే నడపవచ్చు. షుగర్ బాగా పడిపోతేనే (లో షుగర్) ప్రమాదం. ఇన్సులిన్ తీసుకునేవాళ్ళకూ, గ్లిమెపిరైడ్ లాంటి మాత్రలు వేసుకునేవాళ్ళకూ భోజనం ఆలస్యమైతే షుగర్ 70 కంటే కిందికి పడవచ్చు. ముందు చెమట, వణుకు, విపరీతమైన ఆకలి, తర్వాత చూపు మసకబారి ఆలోచన తప్పుతుంది. ఆ దశలో "నేను బాగానే ఉన్నాను" అనిపిస్తుంది, అదే భయపడాల్సిన విషయం. గ్లూకోజు పొట్లం డాష్‌బోర్డులో చేయి అందే చోట పెట్టుకోండి, సీటు వెనక బ్యాగులో కాదు. ఒంట్లో తేడా అనిపించగానే బండి పక్కకు తీసి ఆపి, గ్లూకోజు తీసుకుని, ఏదైనా తిని, ముప్పావు గంటైనా ఆగండి. ట్రిప్పుకు బయల్దేరే ముందు వేళకు భోజనం దొరికే దాబాలు ఎక్కడెక్కడున్నాయో ఓనరుతో మాట్లాడుకోవడంలో నామోషీ ఏమీ లేదు.

బీపీకి నొప్పి ఉండదు. తలనొప్పి లేదు కాబట్టి బీపీ లేదనుకోవద్దు, కొలిపించుకోండి.

నిద్ర సంగతి ఏ ఫారంలోనూ సరిగ్గా అడగరు, నేను మాత్రం గట్టిగా అడుగుతాను. మీరు గురక పెడతారా? ఇంట్లోవాళ్ళను అడగండి. గురక మధ్యలో ఊపిరి ఆగినట్టయి ఉలిక్కిపడి లేస్తుంటే, ఎనిమిది గంటలు పడుకున్నా పగలు కునుకు పడుతుంటే, అది నిద్రలో శ్వాస ఆగే జబ్బు కావచ్చు. లావుపాటి మెడ ఉన్నవాళ్ళలో ఎక్కువ. దీనికి చికిత్స ఉంది. జలుబుకు వేసుకునే సెట్రిజిన్, దగ్గు సిరప్ కూడా నిద్ర తెస్తాయి. మందుల షాపులో "నేను డ్రైవర్ని, మత్తు రానిది ఇవ్వండి" అని అడగడం అలవాటు చేసుకోండి. 1961 నాటి మోటార్ ట్రాన్స్‌పోర్ట్ వర్కర్స్ చట్టం రోజుకు ఎనిమిది గంటలు, వారానికి నలభై ఎనిమిది గంటలే పని అని చెప్పేది. ఐదు గంటలు నడిపాక కనీసం అరగంట విరామం ఇవ్వాలనేది. 2025 నవంబరులో దాని స్థానంలో కొత్త లేబర్ కోడ్ వచ్చింది, అందులోనూ పని రోజుకు ఎనిమిది గంటలే. రోడ్డు మీద ఎలా ఉందో మనకు తెలుసు, అయినా అడగడానికి మీకు హక్కుందని తెలిసి ఉండాలి. ఒళ్ళు బాగోలేదని తెలిసీ నడిపితే మోటారు వాహనాల చట్టం 186వ సెక్షన్ కింద మొదటిసారి వెయ్యి, తర్వాత రెండు వేల వరకు జరిమానా పడుతుంది.

ఇక ఎవరి దగ్గరికి వెళ్ళాలి? ఇక్కడ మనవాళ్ళు చాలామంది పొరబడతారు. చట్టంలో "రిజిస్టర్డ్ మెడికల్ ప్రాక్టీషనర్" అని ఉంటుంది. మన ఊళ్ళలో ఇంజెక్షన్ ఇచ్చే ఆర్ఎంపీ ఆయన కాదు ఆ మాటకు అర్థం. మెడికల్ కౌన్సిల్‌లో రిజిస్టరైన డాక్టరు అని. సంతకం కింద ఆ రిజిస్ట్రేషన్ నెంబరు, ముద్ర ఉండాలి. ఈ మనిషిని నేనే స్వయంగా పరీక్షించాను, దూరపు చూపు మీదా, వినికిడి మీదా, కాళ్ళూ చేతుల మీదా ప్రత్యేకంగా దృష్టి పెట్టాను అని ఆ డాక్టరు అందులో రాసిస్తారు. కాబట్టి సిగ్గుపడకుండా "డాక్టరు గారూ, చూసి రాయండి" అనండి. గదిలోకి వెళ్ళగానే సంతకం పెట్టేస్తే ఇంకో డాక్టరు దగ్గరికి వెళ్ళండి. ఆ రోజు నన్ను ఒక్క డాక్టరు చూసి ఉంటే నా క్లీనర్‌కు ఆ రాత్రి ఉండేది కాదు.

ఇప్పుడు లైసెన్సు. హెవీకి నేరుగా వెళ్ళలేరు. ముందు ఎల్‌ఎంవీ, అంటే కారు లైసెన్సు కావాలి, దానికి పద్దెనిమిదేళ్ళు నిండాలి. అది చేతికొచ్చి కనీసం ఏడాది కావాలి. ట్రాన్స్‌పోర్ట్ బండికి ఇరవై ఏళ్ళు నిండాలి. చదువు నిబంధన ఉందనుకుని వెనక్కి తగ్గేవాళ్ళు ఇంకా ఉన్నారు. ఎనిమిదో తరగతి పాసై ఉండాలన్న షరతు 2019లోనే తీసేశారు.

హెవీ కోసం ఆగే ఆ ఏడాది ఖాళీగా కూర్చోనక్కర్లేదు. 2024 నవంబరులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం ఇచ్చిన తీర్పు ప్రకారం, మొత్తం బరువు 7,500 కిలోలు దాటని రవాణా బండిని ఎల్‌ఎంవీ లైసెన్సుతోనే నడపవచ్చు. టాటా ఏస్, బొలేరో పికప్ లాంటివి ఇందులోకి వస్తాయి. బండి ఆర్‌సీలో జీవీడబ్ల్యూ (మొత్తం బరువు) అంకె చూసుకుని ఎక్కండి. పెద్ద లారీ, టిప్పరు ఈ వెసులుబాటులోకి రావు.

హెవీకి ఎల్‌ఎల్‌ఆర్ (లెర్నర్స్ లైసెన్సు) తీసుకున్నాక అది ఆరు నెలలు చెల్లుతుంది, ముప్పై రోజులు గడిచాకే టెస్టుకు వెళ్ళాలి. డ్రైవింగ్ స్కూల్ ఇచ్చే శిక్షణ సర్టిఫికెట్, ఫారం 5 కూడా కావాలి. గుర్తింపు పొందిన అక్రెడిటెడ్ సెంటర్లలో హెవీ కోర్సు ఆరు వారాల్లో 38 గంటలు. ఇంటి దగ్గరి స్కూల్ కంటే ఖర్చు, దూరం ఎక్కువైనా, వీలున్నవాళ్ళు అక్కడికే వెళ్ళమంటాను. సిమ్యులేటర్ మీద బ్రేకు తప్పితే ఎవరికీ దెబ్బ తగలదు.

ట్రాన్స్‌పోర్ట్ లైసెన్సు ఐదేళ్ళు చెల్లుతుంది. గడువు తీరాక ముప్పై రోజుల వరకు నడపవచ్చన్న పాత వెసులుబాటు 2019 సవరణతో పోయింది. ఇది తెలియక చాలామంది దెబ్బతింటున్నారు. గడువుకు ఏడాది ముందు నుంచే రెన్యువల్ చేయించుకోవచ్చు. తీరి ఏడాది దాటిపోతే మళ్ళీ టెస్టు పెడతారు. ఆ తేదీని ఫోనులో రెండు నెలల ముందుకు అలారం పెట్టుకోండి, ఎందుకంటే ఆ రెండు నెలల్లో డాక్టరు పని కూడా ఉంది.

పెట్రోలు, గ్యాస్, రసాయనాల ట్యాంకర్లకు జీతం ఎక్కువని మోజు పడేవాళ్ళకు ఒక మాట. దానికి మూడు రోజుల ప్రత్యేక శిక్షణ సర్టిఫికెట్ కావాలి, ఒక భారతీయ భాషా ఇంగ్లీషూ చదవడం, రాయడం రావాలి. చెల్లుబాటు మూడేళ్ళే. ఫారం 1ఏలో వీళ్ళకు అదనంగా రియాక్షన్ టైం, పక్క చూపు, ఎదురు లైటు కొట్టాక కన్ను ఎంత త్వరగా తేరుకుంటుందన్నది కూడా డాక్టరు పరీక్షించాలి. ఈ మూడు పరీక్షలూ ట్యాంకరు నడపని వాళ్ళూ అడిగి చేయించుకోవచ్చు.

ఈ వారం పని: నోటుబుక్కులో ఒక పేజీ తీసుకోండి. కుడి కన్ను పగలు, సాయంత్రం, ఎడమ కన్ను పగలు, సాయంత్రం, బీపీ, పరగడుపు షుగర్, గురక గురించి ఇంట్లోవాళ్ళు చెప్పిన మాట. తేదీలు వేసి రాయండి. ఆ పేజీ తీసుకునే డాక్టరు దగ్గరికి వెళ్ళండి. సర్టిఫికెట్ వచ్చాక జిరాక్సు తీయించి ఆ పేజీకి పిన్ను కొట్టి ఉంచండి. ఐదో పాఠంలో హెవీ టెస్టు ట్రాక్ మీదకు వెళ్తాం, రివర్సులో 'ఎస్' మలుపు నుంచి మొదలుపెడతాం. అద్దాలు రాసిచ్చినవాళ్ళు వాటిని చేయించుకుని, పెట్టుకునే రండి.