మీ ఊళ్లో ఆదాయ అసమానతను కొలవడం ఎలా?

కావలసినవి నోటుబుక్కు, ఎక్సెల్, ఇల్లిల్లూ తిరిగే ఓపిక. అంతే.

ఒక్కో ఇంటి ఏడాది ఆదాయం అడగండి. నెలది అడిగితే లాభం లేదు, మా అనంతపురం జిల్లాలో శనక్కాయ రైతు చేతికి డబ్బొచ్చేది పంట అమ్మినప్పుడే. దాన్ని ఇంట్లో మనుషుల సంఖ్యతో భాగించి, ఐదుగురుంటే ఐదు వరుసలు వేయండి.

వాన రాక పెట్టుబడి కూడా మునిగిన ఇంటికి లెక్క మైనస్‌లో తేలుతుంది. ఫార్ములాలో మైనస్ పట్టదని చాలామంది ఆ వరుసను డిలీట్ చేసేస్తారు. దయచేసి ఆ పని చేయొద్దు. అందరికంటే దెబ్బతిన్న ఇంటినే తీసేసి అసమానత కొలిచామంటే ఎట్లా? మూడేళ్ల సగటు తీసుకోండి, అప్పటికీ మైనస్ అయితే అలాంటి ఇళ్లెన్నో ఫలితం పక్కనే రాయండి.

ఇక అసలు చిక్కు, ఏ సూచీ వాడాలన్నది. అందరూ కళ్లు మూసుకుని గినీ గుణకం వేస్తారు, అంటే అందరి ఆదాయం సమానమైతే 0, అంతా ఒక్కరి దగ్గరే ఉంటే 1 దగ్గరికి చేరే అంకె. అది ఆదాయాల వరుసలో ఎవరు ఎన్నో స్థానంలో ఉన్నారన్నదాన్ని బట్టి నడుస్తుంది కాబట్టి, జనం గుమిగూడిన మధ్యభాగంలో మార్పుకే బాగా కదులుతుంది, అట్టడుగున చేరిన రూపాయికి అంతగా కదలదు. ఎవరి కష్టం ఎక్కువో మీ బదులు అదే తేల్చేసిందన్నమాట.

అందుకే 1970లో ఆర్థికవేత్త ఆంటొనీ ఆట్కిన్సన్ ఇచ్చిన సూచీనే వాడండి. అందులో అట్టడుగు మనిషికి ఎంత బరువివ్వాలో చెప్పే ఎప్సిలాన్ అనే అంకెను మీరే ఎంచుకోవాలి. తొందరపడకుండా ఇలా ఆలోచించండి: పేదవాడికంటే రెట్టింపు ఆదాయమున్న మనిషి దగ్గర రూపాయి తీసి ఆ పేదవాడికి పంపితే, దారిలో కొంత పోయినా సరే, కనీసం ఎంత అందితే మీకు సమ్మతం? అర్ధరూపాయి అంటే ఎప్సిలాన్ 1. పావలా చాలంటే 2. రూపాయికి రూపాయి అందాల్సిందే అంటే 0, అంటే అసమానత మీకు పట్టదన్నట్టే.

నలుగురి ఆదాయాలు 50 వేలు, లక్ష, 2 లక్షలు, 4.5 లక్షలు అనుకోండి. సగటు 2 లక్షలు, గినీ 0.41. ఎప్సిలాన్ 1కి గుణమధ్యమాన్ని (నాలుగు ఆదాయాల లబ్ధానికి నాలుగో మూలం) సగటుతో భాగించి 1లోంచి తీసేస్తే 0.27. ఎప్సిలాన్ 2కి హరమధ్యమంతో (1ని ఒక్కో ఆదాయంతో భాగించి, వాటి సగటుతో మళ్లీ 1ని భాగిస్తే వచ్చేది) అదే లెక్క చేస్తే 0.46. ఎవరి జేబులోనూ పైసా మారలేదు, మారింది మీ జవాబే. కాబట్టి ఎంచుకున్న ఎప్సిలాన్ రాయకుండా ఫలితం ఒక్కటే ఇవ్వొద్దు, 1, 2 రెండూ చూపించండి.

చివరగా, అందరి ఆదాయం రెట్టింపైనా ఈ సూచీలేవీ కదలవు. పై లెక్కలో కింది మనిషికీ పై మనిషికీ మధ్య 4 లక్షల తేడా మాత్రం 8 లక్షలవుతుంది. ఆ తేడాను రూపాయల్లోనే ఇంకో గడిలో వేయండి.