ఓటు తీసేశారా? ముందు నోటీసు ఏదని అడగండి

హైదరాబాద్‌లో ప్రతి ఎన్నికకీ ఇదే గోల, చేతిలో ఓటరు కార్డు ఉంటుంది, జాబితాలో పేరు ఉండదు. 2018 అసెంబ్లీ ఎన్నికలప్పుడైతే ఎంతమంది ఓట్లు గల్లంతయ్యాయంటే రాష్ట్ర ప్రధాన ఎన్నికల అధికారే క్షమాపణ చెప్పాల్సి వచ్చింది. కాబట్టి పోలింగ్ రోజు దాకా ఆగకుండా ఇవాళే ఎన్నికల సంఘం పోర్టల్‌లో పేరు వెతుక్కోండి, లేదా 1950కి ఫోన్ చేయండి.

పేరు లేకపోతే చాలామంది ఫారం-6 (పేరు కొత్తగా చేర్చమనే దరఖాస్తు) పెట్టేసి ఊరుకుంటారు. అది పెట్టండి, కానీ ఎందుకు తీశారో కూడా మీ నియోజకవర్గం ఓటర్ల నమోదు అధికారిని రాతపూర్వకంగా అడిగి, ముద్ర వేయించుకుని రసీదు తీసుకోండి. అసలు తగాదా ఇక్కడే ఉంది. బీఎల్ఓ, అంటే మీ బూత్ జాబితా చూసే ఉద్యోగి, వచ్చినప్పుడు ఇంటికి తాళం ఉంటే "ఇల్లు మారారు" అని రాసేస్తారు. చట్టం మాత్రం అలా లేదు. 1950 ప్రజాప్రాతినిధ్య చట్టం 20వ సెక్షన్ ప్రకారం కొన్నాళ్లు ఊళ్లో లేనంత మాత్రాన నివాసం పోదు, 22వ సెక్షన్ ప్రకారం ఇక్కడ ఉండట్లేదన్న కారణంతో పేరు తీసేముందు మీ మాట వినాలి. 1995లో లాల్ బాబు హుస్సేన్ కేసులో సుప్రీంకోర్టు కూడా జాబితాలో ఇప్పటికే ఉన్నవాళ్ల పౌరసత్వాన్ని అనుమానిస్తే సరైన నోటీసు ఇచ్చి విచారించాలని చెప్పింది. బీహార్‌లో 2025లో ముసాయిదా జాబితాలో లేని సుమారు 65 లక్షల పేర్లను కారణాలతో సహా బయటపెట్టమని ఆదేశించిందీ ఆ కోర్టే. కారణం చెప్పాల్సిన బాధ్యత వాళ్లది. అందుకే మొహమాటపడకండి, నోటీసు ఏ తేదీన ఏ చిరునామాకి పంపారో అడగండి. జవాబు నచ్చకపోతే 15 రోజుల్లో జిల్లా ఎన్నికల అధికారికి, అక్కడా కాకపోతే 30 రోజుల్లో రాష్ట్ర ప్రధాన ఎన్నికల అధికారికి అప్పీలు చేసుకోవచ్చు.

ఎవరైనా పనిగట్టుకుని మీ పేరు తీసేయమని ఫారం-7 పెట్టి ఉంటే, అందులో అబద్ధం రాసినవాళ్లకి ఏడాది వరకూ జైలు పడొచ్చు, ఆ మాట ఫిర్యాదులో రాయండి.

అద్దె ఇళ్లలో ఉండేవాళ్లకి ఇంకో చిక్కు. మనవన్నీ పదకొండు నెలల అగ్రిమెంట్లు, రిజిస్టర్ చేయించేవాళ్లు తక్కువ, ఫారం-6 అడిగేదేమో రిజిస్టర్ అయినది. దానికోసం ఓనర్ చుట్టూ తిరగకండి, ఆధార్ గానీ బ్యాంకు పాస్‌బుక్ గానీ ఈ చిరునామాతో ఉంటే సరిపోతుంది. నగరంలోనే ఇల్లు మారితే ఫారం-8 చాలు. ఊళ్లో ఒక ఓటు, ఇక్కడ ఒక ఓటు ఉంచుకోవడం మాత్రం కుదరదు, 1950 చట్టం 17వ సెక్షన్ ఒప్పుకోదు.

ఇక బూత్ దగ్గర. ఓటరు స్లిప్ ఒక్కటే చూపిస్తే ఒప్పుకోరు, ఓటరు కార్డో, లేదంటే ఆధార్, పాన్, డ్రైవింగ్ లైసెన్స్ లాంటిదో ఉండాలి, రేషన్ కార్డు పనికిరాదు. కార్డులో "మొహమ్మద్", జాబితాలో "ఎండీ" అని ఉందని వెనక్కి పంపబోతే బూత్ బాధ్యత చూసే ప్రిసైడింగ్ ఆఫీసర్‌కి 1961 ఎన్నికల నిర్వహణ నిబంధనల్లో 49హెచ్ గుర్తుచేయండి. మనిషి మీరేనని నమ్మకం కుదిరితే రాతపొరపాట్లు, అచ్చుతప్పులు పట్టించుకోకూడదని అందులో స్పష్టంగా ఉంది.

ముఖం చూసి గుర్తుపట్టే పని పోలింగ్ సిబ్బందిది, బురఖా వేసుకున్న ఆడవాళ్లయితే మహిళా సిబ్బందిది. 2024 లోక్‌సభ పోలింగ్ రోజు ఒక అభ్యర్థి స్వయంగా బూత్‌లో మహిళల నఖాబు తీయించి కార్డులు చూస్తే మలక్‌పేట పోలీసులు కేసు పెట్టారు. బూత్‌లో అభ్యర్థి తరఫున కూర్చునే ఏజెంటుకి నిజంగా అనుమానం ఉంటే రెండు రూపాయలు కట్టి ఛాలెంజ్ చేయాలి, ప్రిసైడింగ్ ఆఫీసర్ అక్కడికక్కడే విచారిస్తారు, ఛాలెంజ్ నిలబడకపోతే మీరు ఓటేయొచ్చు.

మీ ఓటు ఇంకెవరో వేసేసి ఉంటే టెండర్ ఓటు అడగండి. అది మెషీన్‌లో కాదు, కాగితం బ్యాలెట్ ఇస్తారు, విడిగా కవర్లో పెడతారు.

ఒకటి మాత్రం మర్చిపోకండి, నామినేషన్ల ఆఖరి గడువు దాటాక జాబితాలో ఒక్క పేరు కూడా కలపరు, అందుకని ఎన్నికల ప్రకటన రాకముందే ఈ పని ముగించండి.