గుర్తింపు లేని ఉద్యోగం: మానేసేముందు లోపం ఎక్కడుందో తేల్చుకోండి

"ఇంత చేసినా ఒక్క మంచి మాట లేదు." ఇది మనసులో పదేపదే తిరుగుతున్నప్పుడు రాజీనామా ఒక్కటే దారి అనిపిస్తుంది. నాకూ అనిపించింది. కానీ పైకి ఒకేలా కనబడే ఈ బాధకి కారణాలు చాలా ఉంటాయి. కొన్నిటికి ఉద్యోగం మారడమే మందు. కొన్ని మాత్రం కొత్త ఆఫీసుకి కూడా మన వెంటే వస్తాయి.

సమస్య: నేనేం చేస్తున్నానో ఎవరికీ పట్టదు

ముందు అనుమానించాల్సింది: అసలు వాళ్ళకి తెలుసా? నెలాఖరు లెక్కల్లో తేడాలు వస్తే నేను రాత్రి కూర్చుని సరిచేసి, పొద్దున్నకల్లా శుభ్రమైన షీటు పంపేవాణ్ణి. మా మేనేజర్‌కి ఆ షీటే కనబడేది. తేడాలు వచ్చాయన్న సంగతే ఆయనకి తెలియదు. ఓ రోజు ఉక్రోషం ఆపుకోలేక, నేను చేసే పనులన్నీ కాగితం మీద రాసి తీసుకెళ్ళాను. మొత్తం 11. ఆయన పెన్ను తీసి, తెలిసినవాటి పక్కన టిక్ పెట్టుకుంటూ వెళ్ళారు. 4 టిక్కులు పడ్డాయి. "మిగతావి కూడా నువ్వేనా చేస్తున్నది?" అన్నారు. అందులో వెటకారం లేదు, నిజంగానే అడిగారు.

ఇందులో మన పొరపాటు కూడా కొంత ఉండొచ్చు. మైకేల్ రాస్, ఫియోర్ సికోలీ అనే మనస్తత్వవేత్తలు 1979లో చూపించిన విషయం ఇది: కలిసి చేసిన పనిలో ఎవరి వాటా వాళ్ళకే ఎక్కువగా గుర్తుంటుంది. భార్యాభర్తలిద్దరూ చెప్పిన వాటాలు కలిపితే మొత్తం పనిని మించిపోయేది. మన శ్రమ మనకి గంటగంటకీ గుర్తుంటుంది, పక్కవాళ్ళది కనబడినంత వరకే.

పరిష్కారం: ప్రతి శుక్రవారం ఐదు లైన్ల మెయిల్. ఏం పూర్తయింది, ఏ సమస్య రాకుండా ఆపాను, వచ్చే వారం ఏమిటి, అంతే. ఇది గొప్పలు చెప్పుకోవడం కాదు, పని లెక్క అప్పజెప్పడం. రెండు నెలలు ఇలా చేసి చూడకుండా మానేయొద్దని గట్టిగా చెబుతాను.

సమస్య: పని నాది, పేరు ఇంకొకరిది

ఒక్కసారి జరిగితే మరుపు అనుకోవచ్చు. మూడోసారి కూడా జరిగితే అది అలవాటే. పని పంపేటప్పుడే సంబంధం ఉన్నవాళ్ళందరినీ మెయిల్లో ఉంచండి. "ఈసారి మీటింగులో నేనే వివరిస్తాను" అని ముందే అడగండి. విడిగా కూర్చుని చెప్పాక కూడా మారకపోతే, వేరే టీముకి మారే వీలుందేమో చూడండి. అదీ లేకపోతే బయట వెతకడం మొదలుపెట్టండి.

సమస్య: పొగడ్తలకి లోటు లేదు, కానీ నేను ఉన్నచోటే ఉన్నాను

సామాజిక శాస్త్రవేత్త యోహానెస్ సీగ్రిస్ట్ 1996లో ప్రతిపాదించిన నమూనా నాకు ఇక్కడ బాగా పనికొచ్చింది. శ్రమకి దక్కే ప్రతిఫలాన్ని ఆయన డబ్బు, గౌరవం, ఎదుగుదలతో పాటు ఉద్యోగ భద్రత అని విడదీశారు. పడే శ్రమకి ఇవి సరితూగకపోతే ఆరోగ్యం కూడా దెబ్బతింటుందన్నది ఆయన వాదన. వీటిలో మీకు తక్కువైంది ఏదో రాసుకోండి. జీతం పెరగనివారికి ఎన్ని చప్పట్లు కొట్టినా కడుపు నిండదు. మర్యాద దక్కనివారికి జీతం పెంచినా ఆ మంట చల్లారదు.

తర్వాత నేరుగా అడగండి: "పై స్థాయికి వెళ్ళాలంటే నేనేం చూపించాలి? ఎప్పటిలోగా?" వచ్చిన జవాబుని అదే రోజు మెయిల్లో పెట్టండి. "చూద్దాంలే" అన్నా సరే, దాన్నే రాయండి. మూడు నెలల తర్వాత ఆ మెయిల్ తెరిస్తే, ఉండాలో వెళ్ళాలో చాలావరకు అక్కడే తేలుతుంది.

సమస్య: ఆదివారం సాయంత్రానికే గుండె బరువెక్కుతోంది

ఒంట్లో శక్తి లేకపోవడం, పనిమీద విరక్తి, ఏం చేసినా సరిగా చేయలేకపోతున్నానన్న భావన. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో బర్నౌట్‌ని వివరించింది ఈ మూడింటితోనే. ఈ స్థితిలో మెచ్చుకోలు వచ్చినా మనసుకి ఎక్కదు. కాబట్టి ముందు సెలవు పెట్టండి, కంటినిండా నిద్రపోండి, అవసరమైతే డాక్టర్ని కలవండి. నిర్ణయం ఆ తర్వాత. అయితే రోజూ అవమానాలు, బెదిరింపులు ఉన్నచోట పైన చెప్పిన గడువులేవీ వర్తించవు. వీలైనంత త్వరగా బయటపడండి.

మానేయాలని తేలితే

వీలైతే వేరే ఆఫర్ చేతికొచ్చాకే చెప్పండి. లేదంటే కొన్ని నెలల ఇంటి ఖర్చు పక్కన పెట్టుకున్నాక చెప్పండి. నోటీసు పీరియడ్ ఎన్నాళ్ళో అపాయింట్‌మెంట్ లెటర్లో చూసుకోండి. రాజీనామా పెట్టగానే జీతం పెంచుతామంటే, మీరు రాసుకున్న లోటు దానితో తీరుతుందా అని ఒక్కటే చూడండి. నాకూ పెంచుతామన్నారు. నాకు తక్కువైంది ఎదుగుదల, అందుకే ఆగలేదు. ఇంటర్వ్యూలో "మీరు ఇప్పటిదాకా ఏం చేశారు?" అని అడిగినప్పుడు తడుముకోలేదు. ఆ శుక్రవారం మెయిళ్ళలో రాసుకున్నవే వరుసగా చెప్పుకుంటూ పోయాను.